లాండ్ గ్రాంట్ యూనివర్సిటీ అంటే ఏమిటి? ఆ మోరిల్ ఎవరు?

మీరు ఒక్క ప్రశ్న అన్నారు గానీ అందులో నాలుగున్నాయి. మీ అబ్బాయికి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. అక్కడి నుంచి వచ్చిన కాగితాల్లో 'లాండ్ గ్రాంట్ యూనివర్సిటీ' అనే మాట చూశారు. ఆ భూమి ఎవరిచ్చారు, దాని వెనక ఉన్న మోరిల్ అనే సెనేటర్ ఎవరు, ఆయన జీవితమంతా చేసింది ఈ ఒక్క చట్టమేనా అని అడిగారు. మన రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి దీనితో చుట్టరికం ఉందని ఎవరో అన్నారట, అది నిజమేనా అనేది నాలుగోది.

నేను వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా విస్తరణ విద్య, అంటే పరిశోధనలో తేలింది రైతు దాకా చేర్చే ఎక్స్‌టెన్షన్, పాఠం చెప్పి రిటైరయ్యాను. ఆ సబ్జెక్టులో మొదటి యూనిట్‌లోనే మోరిల్ పేరు వస్తుంది. '1862 మోరిల్, 1887 హాచ్, 1914 స్మిత్ లీవర్' అని పిల్లలు ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్ళు. పోటీ పరీక్షల్లో అదొక బిట్టు, దానికో మార్కు, అంతటితో సరి. ఆ ఒక్క మార్కు వెనక ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి జీవితం ఉందని క్లాసులో చెప్పడానికి నాకు ఎప్పుడూ టైం చాలలేదు. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. ఆయన పూర్తి పేరు జస్టిన్ స్మిత్ మోరిల్. అమెరికా ఈశాన్య మూలలో ఉన్న వర్మోంట్ అనే చిన్న రాష్ట్రం నుంచి 1855లో ప్రతినిధుల సభకు వెళ్ళాడు, 1867లో సెనేటర్ అయ్యాడు, 1898 డిసెంబర్ 28న చనిపోయే రోజు దాకా సెనేటర్‌గానే ఉన్నాడు. మధ్యలో ఒక్క విరామం లేకుండా దాదాపు 44 ఏళ్ళు. 'లాండ్ గ్రాంట్' అంటే కాలేజీ కట్టుకోవడానికి స్థలం ఇవ్వడం అని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం తన చేతిలో ఉన్న బంజరు భూముల్ని రాష్ట్రాలకు ఇచ్చింది. రాష్ట్రాలు వాటిని అమ్మి, వచ్చిన డబ్బును మూలధనంగా పెట్టి, దాని మీద వచ్చే వడ్డీతో వ్యవసాయం, ఇంజనీరింగ్ చెప్పే కాలేజీలు నడపాలి. అసలు ముట్టుకోకూడదు. ఊళ్ళో గుడికి మాన్యం రాసిచ్చి, ఆ అయివేజుతో దీపారాధన జరిపించినట్టు అనుకోండి. ఒక్కటే తేడా, ఇక్కడ మాన్యాన్ని అమ్మి డబ్బు చేశారు.

లెక్క ఇలా ఉండేది. కాంగ్రెస్‌లో, అంటే సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన అమెరికా పార్లమెంటులో, రాష్ట్రానికి ఎంతమంది సభ్యులుంటే, తలకు 30,000 ఎకరాలు. ఇద్దరు సెనేటర్లు ఎలాగూ ప్రతి రాష్ట్రానికీ ఉంటారు. అప్పటి కాన్సాస్‌కి ఇద్దరు సెనేటర్లు, ఒకే ఒక ప్రతినిధి. అంటే 90,000 ఎకరాలు. న్యూయార్క్‌కి 33 మంది, దాదాపు 9 లక్షల 90 వేల ఎకరాలు. తమ సరిహద్దుల్లో ప్రభుత్వ భూమి లేని తూర్పు రాష్ట్రాలకు భూమికి బదులు 'స్క్రిప్' అనే కాగితాలు ఇచ్చారు. ఆ కాగితం కొన్నవాడు పశ్చిమాన ఎక్కడో ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూమిని చూసుకుని పట్టా చేయించుకోవచ్చు. వచ్చిన సొమ్ములో పదో వంతు దాకా స్థలానికో, ప్రయోగ క్షేత్రానికో వాడుకోవచ్చు. భవనాలకు మాత్రం పైసా వాడకూడదు, అది రాష్ట్రమే పెట్టుకోవాలి. మోరిల్ స్వతహాగా దుకాణం లెక్కలు రాసిన మనిషి. డబ్బు రాళ్ళకీ సున్నానికీ పోతే పాఠం చెప్పేవాడికి జీతం ఉండదని ఆయనకు తెలుసు. ఈ ఒక్క షరతు నాకు ఆ చట్టం మొత్తంలో అన్నిటికన్నా నచ్చుతుంది.

లెక్క ఒకటే అయినా ఫలితం అందరికీ ఒకేలా రాలేదు. రోడ్ ఐలండ్ తన 1,20,000 ఎకరాల స్క్రిప్‌ను తొందరపడి అమ్మేసి 50,000 డాలర్లు చేతిలో పెట్టుకుంది, ఎకరానికి 42 సెంట్లు పడింది. ప్రభుత్వ భూమి మామూలు కనీస ధర అప్పట్లో ఎకరం డాలరుం పావు. అన్ని రాష్ట్రాల స్క్రిప్ ఒక్కసారి బజారులోకి వచ్చేసరికి, మనకి టమాటా పంట అంతా ఒకే వారం మార్కెట్‌కి వచ్చినప్పుడు ఏమవుతుందో అదే అయింది. న్యూయార్క్‌లో మాత్రం టెలిగ్రాఫ్ వ్యాపారంలో సంపాదించిన ఎజ్రా కార్నెల్ అనే ఆయన స్క్రిప్‌లో పెద్ద భాగం తానే కొని, విస్కాన్సిన్‌లో పైన్ అడవులున్న భూముల్ని ఏరి పట్టుకుని, ధర వచ్చేదాకా ఆగాడు. పన్నులు కట్టలేక యూనివర్సిటీ నానా తిప్పలు పడింది. చివరికి ఆ భూముల మీద 50 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఈరోజు మనవాళ్ళు కార్నెల్ యూనివర్సిటీ అని గొప్పగా చెప్పుకునేది అదే. ఎం.ఐ.టి. కూడా మసాచుసెట్స్ వాటాలో కొంత పుచ్చుకున్న లాండ్ గ్రాంట్ సంస్థే అంటే చాలామంది నమ్మరు. టెక్సస్ ఏ అండ్ ఎం లాంటి పేర్లలో ఉన్న ఆ రెండక్షరాలు కూడా వ్యవసాయం, యంత్ర విద్య అనే ఈ చట్టపు మాటల నుంచి వచ్చినవే.

ఇప్పుడు మనిషి సంగతి.

1810 ఏప్రిల్ 14న వర్మోంట్‌లోని స్ట్రాఫర్డ్ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి కమ్మరి. పదిమంది పిల్లల్లో పెద్దవాడు. పద్నాలుగు, పదిహేనేళ్ళకే చదువు ఆగిపోయింది. ఊళ్ళో కొట్లో గుమాస్తాగా చేరాడు, తర్వాత మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ వెళ్ళి అక్కడి వర్తకుల దగ్గర పనిచేశాడు. 1831లో తిరిగొచ్చి జెడిడయా హారిస్ అనే పెద్దమనిషితో పొత్తు కలిపి స్ట్రాఫర్డ్‌లో కొట్టు నడిపాడు. మేకుల దగ్గర్నుంచి బట్టల దాకా అన్నీ అమ్మే పల్లెటూరి కొట్టు. వ్యాపారం కలిసొచ్చి, 1848లో, ముప్పై ఎనిమిదేళ్ళకే కొట్టు వదిలేసి ఇల్లు కట్టుకున్నాడు, తోట పెంచుకున్నాడు, పుస్తకాలు చదువుకున్నాడు. కాలేజీ గడప తొక్కలేదు. తనకు దక్కనిది తన లాంటి పిల్లలకు దక్కాలన్న కోరిక ఆయనలో ఎప్పటికీ చల్లారలేదు. నేను ఊహించి చెప్పడం లేదు, ఆయన తర్వాత చేసిన ప్రతి పనిలోనూ అది కనిపిస్తుంది.

1854లో ప్రతినిధుల సభకు విగ్ పార్టీ తరఫున నిలబడ్డాడు. గెలిచింది 59 ఓట్లతో! ఆ ఏడాది వర్మోంట్‌లో ఇంకో అరవై మంది ఇటు కాక అటు వేసి ఉంటే ఇవాళ మీ అబ్బాయి వెళ్ళే యూనివర్సిటీ ఎలా ఉండేదో, అసలు ఉండేదో లేదో చెప్పలేం. త్వరలోనే విగ్ పార్టీ కరిగిపోయింది, మోరిల్ కొత్తగా పుట్టిన రిపబ్లికన్ పార్టీలోకి వచ్చాడు.

సభకు వెళ్ళిన కొత్తలోనే, 1856లో, సైనిక అకాడమీల తరహాలో జాతీయ వ్యవసాయ పాఠశాలలు పెట్టాలని ఒక తీర్మానం తెచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1857 డిసెంబర్‌లో భూమి ఇచ్చే బిల్లు పెట్టాడు. ఆయన వాదన సూటిగా ఉండేది. రైలు కంపెనీలకు లక్షల ఎకరాలు ధారపోస్తున్నారు, దున్నేవాడి బిడ్డ చదువుకు కొంత ఇస్తే తప్పేమిటి? ఉన్న కాలేజీలు లాటిన్, గ్రీకు చెప్పి పాస్టర్లనీ లాయర్లనీ తయారు చేస్తున్నాయి. ఇటు చూస్తే తూర్పు రాష్ట్రాల్లో నేలలు సారం చచ్చి దిగుబడులు పడిపోతున్నాయి. యూరప్‌లో వ్యవసాయ పాఠశాలలు నడుస్తున్నాయి, మనకెందుకు లేవు? బిల్లు ప్రతినిధుల సభలో 105-100తో, సెనేట్‌లో 25-22తో బొటాబొటిగా గట్టెక్కింది. ప్రెసిడెంట్ బుకానన్ 1859 ఫిబ్రవరిలో వీటో చేసేశాడు. ఖజానాలో డబ్బు లేదు, ఇది రాష్ట్రాల వ్యవహారం, రాజ్యాంగం కేంద్రానికి ఈ అధికారం ఇవ్వలేదు అన్నాడు.

మోరిల్ దాదాపు మూడేళ్ళు ఆగి 1861 డిసెంబర్‌లో మళ్ళీ పెట్టాడు. అప్పటికి అంతర్యుద్ధం మొదలైంది. అడ్డుపడిన దక్షిణాది సభ్యులు సభ వదిలి వెళ్ళిపోయారు. సైన్యానికి అధికారుల కొరత తెలిసొచ్చింది గనక ఈసారి బిల్లులో సైనిక శిక్షణ అనే మాట చేర్చాడు. అయినా సభలో భూముల కమిటీ వద్దని నివేదిక ఇచ్చింది. దాంతో ఒహాయో సెనేటర్ బెంజమిన్ వేడ్ సెనేట్ వైపు నుంచి బిల్లు నడిపించాడు. ఇప్పుడు వ్యతిరేకత పశ్చిమం నుంచి వచ్చింది. తూర్పు దళారులు స్క్రిప్ కొని మా భూములన్నీ కబ్జా చేస్తారని గట్టిగా పోరాడిన వాళ్ళలో ముందున్నది కాన్సాస్ సెనేటర్ జేమ్స్ లేన్. ఆయన భయం ఉత్తది కాదు, తర్వాత కొంత అలాగే జరిగింది కూడా. ఏ ఒక్క రాష్ట్రంలోనూ స్క్రిప్‌తో పది లక్షల ఎకరాలు మించి పట్టా చేయించుకోకూడదన్న షరతు చట్టంలో ఉంది. చివరికి సెనేట్ 32-7, సభ 90-25. 1862 జూలై 2న లింకన్ సంతకం పెట్టాడు. దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ దగ్గర ఏడు రోజుల యుద్ధం ముగిసి ఒక్క రోజయింది. అలాంటి రోజున కాలేజీల చట్టం మీద సంతకం జరగడం గురించి క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు గొంతు మారేది.

ఏడాది తిరక్కుండానే ఆ కాన్సాస్‌లోనే, మాన్‌హాటన్ ఊళ్ళో మెథడిస్టులు నడుపుతున్న బ్లూమాంట్ కాలేజీని రాష్ట్రం తీసుకుని, 1863 ఫిబ్రవరి 16న వ్యవసాయ కాలేజీగా మార్చింది. ఈ చట్టం కింద కొత్తగా ఏర్పడిన తొలి కాలేజీ అదే. సెప్టెంబర్‌లో మొదటి క్లాసులకు చేరింది 52 మంది, అందులో సగం అమ్మాయిలు. మీ అబ్బాయికి ఈ మాట తప్పకుండా చెప్పండి. చట్టాన్ని అందరికన్నా ముందు ఆమోదించిన రాష్ట్రం మాత్రం అయోవా. అందుకే 'మేమే మొదటివాళ్ళం' అని రెండు మూడు యూనివర్సిటీలు చెప్పుకుంటాయి. ఎవరి లెక్క ప్రకారం వాళ్ళది నిజమే.

ఇక సెనేటర్‌గా ఆయన చేసిన పని. మీరు అడిగింది సెనేటర్ గురించి. 1862 చట్టం తెచ్చేనాటికి మోరిల్ సెనేటర్ కాడు, ప్రతినిధుల సభ సభ్యుడు. పుస్తకాల్లో కూడా ఈ తప్పు కనిపిస్తుంది. సెనేట్‌కి వెళ్ళింది 1867లో, అదీ చిత్రంగా. అప్పటిదాకా సెనేటర్‌గా ఉన్న ల్యూక్ పోలండ్ మోరిల్ ఖాళీ చేసిన సభ సీటుకు వెళ్ళాడు, మోరిల్ ఆయన సెనేట్ సీటుకు వచ్చాడు. కుర్చీలు మార్చుకున్నట్టు! ఆ రోజుల్లో సెనేటర్లను జనం నేరుగా ఎన్నుకోరు, రాష్ట్ర శాసనసభ ఎన్నుకుంటుంది. వర్మోంట్ శాసనసభ ఆయన్ని వరసగా ఆరు సార్లు పంపింది.

సభలో ఉన్నప్పటి ఇంకో పెద్ద పని మోరిల్ టారిఫ్, 1861 మార్చి 2న చట్టమైంది. దిగుమతి సుంకాలు పెంచి దేశీయ పరిశ్రమకు, తన రాష్ట్రంలో గొర్రెలు పెంచే వాళ్ళ ఉన్నికి రక్షణ ఇచ్చింది. దక్షిణాది విడిపోవడానికి ఇదే కారణమని కొందరు రాస్తారు. తేదీలు చూడండి. సెనేట్‌లో అది గెలిచిందే ఏడు రాష్ట్రాలు విడిపోయి, వాళ్ళ సెనేటర్లు వెళ్ళిపోయాక. ఆ వాదన నిలవదు. 1862లో బహుభార్యాత్వాన్ని నిషేధించిన చట్టానికీ ఆయన పేరే ఉంది.

సెనేట్‌లో చాలా ఏళ్ళు ఆర్థిక కమిటీ అధ్యక్షుడు. వెనక బంగారం ఉన్న గట్టి కరెన్సీ కావాలనేవాడు, సుంకాలు తగ్గించడానికి ఒప్పుకునేవాడు కాదు. ఈ విషయంలో నేను ఆయన పక్షం కాదు, గట్టి డబ్బు వల్ల అప్పుల్లో ఉన్న పశ్చిమ రైతులు నలిగిపోయారు. రైతు బిడ్డల కాలేజీ కోసం అంత పోరాడిన మనిషి రైతు అప్పు దగ్గరికొచ్చేసరికి కొట్టు యజమానిలాగే ఆలోచించాడు. 1868లో ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్ అభిశంసనలో దోషి అని ఓటు వేశాడు.

వాషింగ్టన్ వెళ్ళిన మనవాళ్ళు ఆయన చేతి పని చూసే ఉంటారు, తెలియకుండా. కాపిటల్ అనే పార్లమెంటు భవనంలో ప్రతి రాష్ట్రం ఇద్దరేసి మహనీయుల విగ్రహాలు పెట్టే హాలు ఉంది కదా, ఆ చట్టం ఆయన ఆలోచనే, 1864లో వచ్చింది. సెనేట్ భవనాల కమిటీకి పెద్దగా ఉన్నప్పుడు కాపిటల్ చుట్టూ ఉన్న తోటను ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ అనే తోటల రూపశిల్పికి అప్పగించడంలో ముందున్నాడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత పెద్ద భవనం కోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు. 1897లో అది తెరిచేనాటికి ఆయనకు 87 ఏళ్ళు. కాలేజీ చదవని కొట్టు గుమాస్తా దేశానికి గ్రంథాలయం కట్టించాడు.

నా దృష్టిలో ఆయన అసలు గొప్ప 1862లో లేదు, 1890లో ఉంది. కాస్త ఆగి చదవండి, ఇది క్లాసు నోట్సులో ఉండదు. మొదటి చట్టం పేపర్ మీద అందంగా ఉంది గానీ, 1870లు వచ్చేసరికి కాలేజీలు ఆకలితో ఉన్నాయి. భూమి చవగ్గా పోయింది, వడ్డీ చాలదు. పాఠం చెప్పడానికి వ్యవసాయ శాస్త్రం అనేదే ఇంకా సరిగా పుట్టలేదు. రైతులేమో 'పుస్తకం చదివి నాగలి పట్టడమా' అని పెదవి విరిచారు. చాలామంది శాసనకర్తలు చట్టం చేసి, పేరు పెట్టించుకుని, వేరే పనిలో పడిపోతారు. మోరిల్ పడిపోలేదు. 1872 నుంచి ఈ కాలేజీలకు ఏటా నగదు ఇవ్వాలని బిల్లు పెట్టడం, అది ఓడిపోవడం, మళ్ళీ పెట్టడం. పద్దెనిమిదేళ్ళు. చివరికి ఎనభై ఏళ్ళ వయసులో, 1890 ఆగస్టు 30న, రెండో మోరిల్ చట్టం ప్రెసిడెంట్ బెంజమిన్ హారిసన్ సంతకంతో వచ్చింది. ప్రతి రాష్ట్రానికీ మొదటి ఏడాది 15,000 డాలర్లు, ఏటా వెయ్యి పెంచుతూ 25,000 దాకా. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకోవడం పోయి, ఏటా బడ్జెట్‌లో వచ్చే డబ్బయింది. కాలేజీలు నిలబడింది దీని వల్ల. 1887లో హాచ్ చట్టం పరిశోధనా స్థానాలకు, 1914లో స్మిత్ లీవర్ చట్టం విస్తరణకు డబ్బు ఇచ్చాయి. మూడు కాళ్ళూ కలిసి పీట అయింది.

రెండో చట్టంలో ఇంకో షరతు ఉంది. నల్లజాతి విద్యార్థులను చేర్చుకోని కాలేజీకి డబ్బు ఇవ్వరు. లేదా రాష్ట్రం వాళ్ళకు వేరే కాలేజీ పెట్టి, డబ్బు న్యాయంగా పంచాలి. దక్షిణాది రాష్ట్రాలు రెండో దారి పట్టాయి. 'న్యాయంగా' అన్న మాటను చట్టం గట్టిగా బిగించలేదు. వేరు చేయడానికి అలా కేంద్రమే దారి ఇచ్చినట్టయింది. మంచీ చెడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ షరతు వల్లే ఈరోజు పందొమ్మిది '1890 యూనివర్సిటీలు' ఉన్నాయి. టస్కీగీ, నార్త్ కెరొలినా ఏ అండ్ టి, ఫ్లోరిడా ఏ అండ్ ఎం వాటిలోవే. అదే షరతులోని వదులు వల్ల వాళ్ళకు రావలసింది సరిగా రాలేదు. 2023లో కేంద్ర విద్య, వ్యవసాయ మంత్రులు పదహారు రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశారు. గత మూడు దశాబ్దాల్లోనే ఈ కాలేజీలకు 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ పడిందని వాటి సారాంశం.

భూమి ఎవరిది అన్న మీ ప్రశ్నకు నిజమైన జవాబు ఇంకోటి ఉంది, అది చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. ప్రభుత్వం దగ్గర అంత 'ఖాళీ' భూమి ఎక్కడిది? అక్కడ అంతకు ముందు ఉన్న ఆదివాసీ జాతులది. బలవంతపు ఒప్పందాలతో, యుద్ధాలతో, కొన్నిచోట్ల ఏ ఒప్పందమూ లేకుండా తీసుకున్నది. 2020లో పాత్రికేయులు, చరిత్రకారులు పట్టా రికార్డులు ఒక్కొక్కటీ తిరగేసి లెక్క తేల్చారు. దాదాపు కోటీ పది లక్షల ఎకరాలు, దాదాపు 250 జాతుల నుంచి వచ్చింది. కార్నెల్ పైన్ అడవులు ఓజిబ్వే వాళ్ళవి. ఆదివాసీ కాలేజీలకు లాండ్ గ్రాంట్ హోదా వచ్చింది 1994లో, మొదటి చట్టం వచ్చిన 132 ఏళ్ళకు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పోడు భూముల గొడవలు దగ్గర్నుంచి చూసినవాడిగా ఈ భాగాన్ని నేను ఎప్పుడూ పాఠంలోంచి తీసెయ్యలేదు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ ఆలోచన మోరిల్‌ది కాదు, ఇలినాయ్‌కి చెందిన జొనాథన్ బాల్డ్విన్ టర్నర్‌ది అనే వాదం చాలా పాతది. టర్నర్ 1850ల మొదట్లోనే శ్రామికుల విశ్వవిద్యాలయం గురించి ప్రచారం చేశాడు, 1853లో ఇలినాయ్ శాసనసభ భూమి ఇవ్వమని కాంగ్రెస్‌ను కోరింది కూడా. మోరిల్ ఆయనకు ఆ ఘనత ఎన్నడూ ఇవ్వలేదు. విత్తనం టర్నర్ తదితరులది, పంట ఇంటికి చేర్చింది మోరిల్ అని నేను క్లాసులో చెప్పేవాణ్ణి, ఇప్పటికీ అదే నా మాట. రెండోది, ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు మెయిన్ రాష్ట్రపు సెనేటర్ లాట్ మోరిల్‌తో కలిపెయ్యకండి. ఇద్దరూ ఒకే కాలంలో సెనేట్‌లో ఉన్నారు. ట్రెజరీ మంత్రిగా చేసింది ఆయన, మన మోరిల్ కాదు. నా దగ్గరికి దిద్దడానికి వచ్చిన ఒక సెమినార్ పేపర్‌లో ఇద్దరి జీవితాలూ కలిసిపోయి ఒకే మనిషి అయ్యారు.

మా అమ్మాయి బోస్టన్ దగ్గర ఉన్నప్పుడు ఒక వేసవిలో పట్టుబట్టి స్ట్రాఫర్డ్ తీసుకెళ్ళమన్నాను. చిన్న ఊరు. గుట్ట మీద 1799లో కట్టిన తెల్లటి చెక్క సభామందిరం, కింద నాలుగు ఇళ్ళు, దాటితే పచ్చిక. మోరిల్ ఇల్లు లేత గులాబీ రంగులో, కోసు కప్పులతో, చర్చికీ బొమ్మరింటికీ మధ్యలో ఉన్నట్టుంటుంది. పదిహేడు గదులు, నమూనా ఆయనే గీసుకున్నాడు. నన్ను ఆపేసింది కిటికీలు. ఈగలు రాకుండా పెట్టిన సన్నటి జాలీల మీద రంగులతో కొండలు, కోటలు చిత్రించారు. బయటి నుంచి చూసేవాడికి బొమ్మ కనిపిస్తుంది, లోపలి మనిషి కనపడడు. లోపల కూర్చున్నవాడికి మాత్రం బొమ్మలోంచే తోటా, రోడ్డూ కనిపిస్తాయి. నేను ఆ గదిలో చాలాసేపు నిలబడ్డాను. కొట్లో మేకులు తూచి అమ్మిన మనిషి, పగటి వెలుగు పోనివ్వకుండా, ఈగ రానివ్వకుండా, కంటికి ఇంపుగా చేయించుకున్న పని అది. 'లిబరల్, ప్రాక్టికల్ రెండూ' అని ఆయన చట్టంలో రాయించిన మాట నాకు అక్కడ అర్థమైంది. వ్యవసాయం, యంత్రవిద్య నేర్పండి, కానీ సాహిత్యమూ శాస్త్రమూ మానెయ్యకండి అని ఆ చట్టం స్పష్టంగా చెప్తుంది. రైతు బిడ్డకు నాగలి ఒక్కటే చాలని ఆయన అనుకోలేదు.

ఇక మన చుట్టరికం. అవును, నిజమే, దగ్గరి చుట్టరికమే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ కమిషన్ 1949లోనే గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలంది. 1955లో భారత, అమెరికా నిపుణుల ఉమ్మడి బృందం లాండ్ గ్రాంట్ నమూనా సూచించింది. 1960లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇలినాయ్ యూనివర్సిటీ సాయంతో మొదలైంది. తర్వాత ఒక్కో రాష్ట్రానికీ ఒక్కో అమెరికన్ యూనివర్సిటీ జతపడింది, పంజాబ్‌కి ఒహాయో స్టేట్, ఒరిస్సాకి మిస్సోరి. మన ఆంధ్రప్రదేశ్‌కి జతపడింది ఎవరనుకున్నారు? మీ అబ్బాయి వెళ్ళే కాన్సాస్ స్టేటే. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది, 1965 మార్చిలో లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రారంభించారు. కాన్సాస్ ప్రొఫెసర్లు రాజేంద్రనగర్‌లో ఉండి పనిచేశారు, మనవాళ్ళు మాన్‌హాటన్ వెళ్ళి డిగ్రీలు చేసి వచ్చారు. నాకు పాఠం చెప్పిన వాళ్ళలో అలా వెళ్ళొచ్చిన వాళ్ళు ఉన్నారు. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత రాజేంద్రనగర్ క్యాంపస్ ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో తెలంగాణకు, రంగా గారి పేరున్నది గుంటూరు దగ్గర లాం గ్రామానికి వెళ్ళాయి.

అంతకు ముందు మన దగ్గర కాలేజీలు లేవని కాదు, బాపట్ల కాలేజీ 1945 నాటిది. కానీ కాలేజీ ఒక యూనివర్సిటీ కింద, పరిశోధన వ్యవసాయ శాఖ కింద, రైతుకు చెప్పడం ఇంకెవరి పనో. మూడూ ఒకే గొడుగు కిందికి రావడమే మోరిల్ వంశం నుంచి మనం తెచ్చుకున్నది. భూమి అమ్మి మూలధనం పెట్టడం మాత్రం ఇక్కడ లేదు, మనవి ఏటా ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు మీద బతుకుతాయి. ఖాళీ పోస్టులు ఏళ్ళ తరబడి నిండకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఆ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో ఒక చిన్న సంగతి చెప్తాను. నేను రైతులకు సలహాలిచ్చే ఏరువాక కేంద్రంలో ఉన్న రోజుల్లో ఒక రైతు పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి, తడిగుడ్డలో చుట్టిన మిరప కొమ్మ బల్ల మీద పెట్టాడు. ఆకులు పడవల్లా పైకి ముడుచుకున్నాయి. మా దగ్గర పల్లెల్లో పని అనుభవానికి వచ్చిన ఫైనలియర్ అమ్మాయి భూతద్దం తీసి ఆకు తిప్పి చూసి, 'తామర పురుగులండీ, పైముడత. కింది ముడత అయితే నల్లి' అంది. ఆయన కొట్టిందేమో నల్లి మందు. ఎవరిచ్చారంటే కొట్టువాడు ఇచ్చాడన్నాడు. ఆ అమ్మాయి క్లాసులో నేర్చింది, పరిశోధనా స్థానం తేల్చింది, కేంద్రం చెప్పాల్సింది, మూడూ ఆ ఒక్క బల్ల మీద కలిశాయి. ఆయన మందు పేరు చీటీ మీద రాయించుకుని అదే బస్సు వెనక్కి వచ్చేసరికి ఎక్కాడు.

మీ అబ్బాయికి చెప్పాల్సింది ఇంకొకటే. చాలా లాండ్ గ్రాంట్ క్యాంపస్‌లలో మోరిల్ హాల్ అని ఒక పాత భవనం ఉంటుంది, కార్నెల్‌లో, అయోవా స్టేట్‌లో, మేరీలాండ్‌లో, మిన్నెసోటాలో. ఏదో కాన్ఫరెన్స్‌కి అటు వెళ్ళినప్పుడు ఆ పేరు చూస్తే ఎవరో తెలిసి ఉంటుంది. కాన్సాస్‌లో కుదురుకున్నాక వాళ్ళ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకు ఒకసారి వెళ్ళి కూర్చోమనండి, ఏ బ్రాంచి విద్యార్థి అయినా సరే. ఏదో ఒక రైతు ఏదో ఒక ఆకు పట్టుకుని వస్తాడు.